సంఘహిత వాణిజ్యము: ఒక క్రొత్త చదువు

మీ మనుమడో మనుమరాలో పట్టపరీక్ష ముగించుకొని వచ్చి, "తాతా, బీదలకు మేలుచేయు వ్యాపారము నేర్చుకొనుటకు విశ్వవిద్యాలయమున మరల చేరెదను" అని యడిగినచో మీరేమందురు? వ్యాపారమునకు బడి యేల, షావుకారు కొట్టులో నాలుగేండ్లు కూర్చుండిన రాదా యని కొందఱందురు. ధర్మము చేయుటకు పట్టమేల యని మఱికొందఱందురు. రెండును న్యాయమైన ప్రశ్నలే. పొలము తాకట్టు పెట్టి ఫీజు కట్టవలసినవారు మీరే గదా!

దానమిచ్చిన రూపాయి ఒక పూటతో తీఱిపోవును. వ్యాపారమున పెట్టిన రూపాయి తిరిగి వచ్చి మరల పనిచేయును. ఆ తిరిగి వచ్చు గుణమును బీదల యవసరములకు వినియోగించుటయే యీ విద్యకు మూలము. దీనికి తోడు మఱియొక నియమము కలదు. ఊరి నీరు, నేల, చెట్టు తఱిగిపోకుండ ఆ వ్యాపారము సాగవలెను. బోరుబావులలోని నీరంతయు తోడి యమ్ముకొన్నవానికి ఈ యేడు లాభమే. ఊరికి కలిగిన నష్టము వాని చిట్టాలో కానరాదు. ఆ కానరాని పద్దును వ్రాయ నేర్చుట యీ చదువులో సగము పని.

ఒక యాచార్యుని కథ వినుడు. బంగ్లాదేశమున చిట్టగాంగు విశ్వవిద్యాలయములో మహమ్మదు యూనస్ గారు అర్థశాస్త్రము బోధించుచుండిరి. 1974 లో ఆ దేశమున కఱవు వచ్చెను. తాము లోపల చెప్పు పాఠమునకును, గోడ వెలుపలి ఆకలికిని పొత్తు కుదురలేదని వారికి తోచెను. ప్రక్కనున్న జోబ్రా గ్రామమునకు పోయి చూడగా, వెదురు పీటలల్లు స్త్రీలు వెదురు కొఱకు వర్తకునియొద్ద అప్పు తెచ్చుకొని, వాడు చెప్పిన ధరకే పీటలను వానికే యమ్మవలసి యుండిరి. అట్టివారు 42 మంది. వారందఱి యప్పు కలిపి 27 డాలర్లు మాత్రమే! 1976 లో ఆయన ఆ సొమ్మును తన చేతినుండి యిచ్చెను. ఆ పని 1983 లో గ్రామీణ బ్యాంకుగా స్థిరపడెను. 2006 లో ఆయనకును బ్యాంకునకును నోబెల్ శాంతి బహుమానము లభించెను.

కాని దీనినే చెప్పి యూరకుండుట సరికాదు. చిన్న యప్పుల వ్యాపారము మన యూళ్లకును వచ్చెను. 2010 నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఒక్కొక్క యిల్లాలు మూడు నాలుగు కంపెనీలకు వారము వారము కిస్తులు కట్టవలసి వచ్చెను. వసూలుదారులు వాకిట కూర్చుండిరి. కొందఱు ప్రాణములు తీసికొనిరి. ఆ యేడు అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు జారీచేసి ఆ వసూళ్లను అదుపులో పెట్టెను. విత్తనమొక్కటే, పండిన పంట వేఱు! లాభము ఎవరికి చేరవలెను, పగ్గము ఎవరి చేత నుండవలెను అనునది మొదటనే తేల్చుకొనకపోవుట వలన నిట్లు జరిగినదని నా యభిప్రాయము. మంచి విశ్వవిద్యాలయమైనచో ఈ యోటమిని గూడ పాఠముగా చెప్పవలెను.

పగ్గము విషయమున గుజరాతులోని ఆనందు పట్టణము గమనింపదగినది. అచ్చట 1946 లో పాడిరైతులు సహకార సంఘము పెట్టుకొనిరి. సంఘము పెరిగినకొలది దానిని నడుపుటకు చదువుకొన్నవారు కావలసివచ్చిరి. నగరపు కళాశాలలనుండి వచ్చినవారు పల్లెలో నిలువరైరి. అందుచేత 1979 లో వర్గీసు కురియన్ గారు అచ్చటనే గ్రామీణ నిర్వహణ విద్యాసంస్థను స్థాపించిరి. జమాఖర్చులు, బజారు ధరలు, చట్టములు మాత్రమే గాక, కొన్ని వారములు పల్లెలో కాపురముండుట గూడ అచ్చటి చదువులో భాగము. 2025 లో అది త్రిభువన్ సహకార విశ్వవిద్యాలయములో చేరినది. బొంబాయిలోని టాటా సంస్థయు 2007 లో సంఘహిత వాణిజ్యమున ఎం.ఏ. తరగతి నారంభించెను.

మన ప్రాంతమున ములుకనూరు గలదు. 1956 లో విశ్వనాథరెడ్డి గారి పూనికతో అచ్చటి రైతులు పెట్టుకొన్న సహకార సంఘమును జూచుటకు దూరదేశముల విద్యార్థులును వచ్చుచుందురు. ఫీజు కట్టుటకు ముందు మీ పిల్లవానిని అచ్చటికి తీసికొని పొండు. ఒక దినము లెక్కల గదిలో కూర్చుండనిండు. తరువాత కళాశాలవారిని మీరే యడుగుడు: పిల్లలను పల్లెలో ఎన్ని వారము లుంచెదరు? చదివి వెళ్లినవారిలో సొంతముగా పని మొదలుపెట్టినవా రెందఱు? ఆ పనులలో అయిదేండ్లు నిలిచిన వెన్ని?