ఎండుటాకులు: అపోహలు – వాస్తవాలు

ముంబైలోని కామాఠీపురా గల్లీల్లో, వర్లీ చాళ్లలో మన తెలుగువాళ్ల గ్యాలరీల్లో పాత నూనె డబ్బాలే కుండీలు. గోంగూర, కరివేపాకు, తులసి వాటిలోనే పెరుగుతాయి. మంచి మట్టి దొరకడమే కష్టం. రాలిన ఆకు ఊరికే దొరుకుతుంది, దాన్ని దాచుకోనివ్వనివి అపోహలే.

‘అక్టోబరు, నవంబరుల్లో ఏరాలి’
అది చలిదేశాల లెక్క. ముంబైలో రావి, బాదం ఎక్కువగా రాల్చేది మన శిశిరంలోనే, మాఘ ఫాల్గుణాల్లో. అప్పుడే ఏరి, జూన్ వానలకు ముందే బస్తాకెత్తాలి.

‘కాల్చి బూడిద వేస్తే బలం’
బూడిదలో పొటాష్, సున్నం మిగులుతాయి. నత్రజని, మట్టిని గుల్లబరిచే పదార్థం పొగలో పోతాయి. ఇరుకు గల్లీలో ఆ పొగ పీల్చేది పక్కింటి పసిపిల్లలు. వీధిలో చెత్త కాల్చడాన్ని 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలే నిషేధించాయి.

‘ఆకు ఎరువుంటే ఇంకేమీ అక్కర్లేదు’
అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. చెట్టు ఆకును వదిలే ముందు అందులోని నత్రజనిని చాలావరకు వెనక్కి తీసుకుంటుంది. కాబట్టి మాగిన ఆకులో పోషకాలు తక్కువ. దాని గొప్పతనమల్లా తడిని పట్టి ఉంచడంలో, వేళ్లకు గాలి ఆడనివ్వడంలో ఉంది. మే ఎండకు రేకు డబ్బా కాలిపోతున్నప్పుడు గోంగూరను కాపాడేది ఆ గుణమే. బలానికి మాత్రం మాగిన పశువుల ఎరువో వర్మీకంపోస్టో కలపాల్సిందే. పప్పుజాతి చెట్టయిన నిద్రగన్నేరు ఆకు కొంత మేలు. చిన్నది కనుక త్వరగా చివుకుతుంది. బాదం, మామిడి ఆకులు దళసరి, నలిపి వేయాలి. ముంబై పోర్ట్ ట్రస్ట్ వంటశాల మేడ మీద ప్రీతీ పాటిల్ పెంచిన తోటలోనూ ఎండుటాకుకు వంటింటి వ్యర్థాలు తోడయ్యాయి.

‘దోమలు, ఎలుకలు చేరతాయి’
డెంగీ దోమ పెరిగేది నిలవ నీటిలో. చెమ్మగిల్లిన ఆకులో కాదు, బస్తాపై కప్పిన ప్లాస్టిక్ మడతలో నిలిచిన నీళ్లలో. ఎలుకలను పిలిచేది అన్నం మెతుకులు, కనుక చాల్ గ్యాలరీలో వాటిని ఈ బస్తాలో వేయొద్దు.

‘ఎండుగా, గాలి చొరకుండా మూట కట్టాలి’
ఎండుటాకు చివకదు, పైగా స్టవ్ పక్కనుంటే నిప్పు భయం. గోనెసంచిలో నింపి, నీళ్లు చిలకరించి, అప్పుడప్పుడు తిరగేయాలి. పిడికిట పిండితే చెమ్మ తగలాలి, నీరు కారకూడదు. తడిసిన బస్తా బరువు తక్కువేం కాదు. పాతబడ్డ గ్యాలరీ చెక్కల మీద పేర్చకుండా, కింద గోడవారగా, నలుగురూ నడిచే దారికి అడ్డం రాకుండా పెట్టండి.