ఎముక పట్టె నుంచి ప్లాస్టిక్ తొడుగు దాకా

మంచుబండికి ఇంజను లేదు, చక్రం లేదు. ఇనుప మేకు కూడా అక్కర్లేదు. రెండు పొడవాటి పట్టెలు, వాటి మీద వరసగా అడ్డచెక్కలు, రెంటినీ కలిపి బిగించిన తోలుతాడు, ముందు కుక్కలు. సరంజామా అంతే. ఇంత కొద్దిపాటి సరంజామాతోనే మనుషులు భూగోళం నడినెత్తి మీద కాపురాలు పెట్టారు, వేటాడారు, వేల కిలోమీటర్లు తిరిగారు. ఇప్పుడు ఆ బండికి మరో పని వచ్చి పడింది. ఆర్కిటిక్ మంచులో కలిసిపోయిన ప్లాస్టిక్ నలుసులను వెతికేవాళ్లను, వాళ్ల గాజు సీసాలను మోసుకెళ్లాలి. అయితే ఈ పనికి బయల్దేరే బండి పాదాలకే నేడు ప్లాస్టిక్ తొడుగు ఉంది. అది ఎలా వచ్చిందో తెలియాలంటే బండి పుట్టుక దగ్గర మొదలుపెట్టాలి.

సైబీరియాకు ఉత్తరాన జోఖోవ్ అనే చిన్న దీవి ఉంది. అక్కడ రష్యన్ పురావస్తు శాస్త్రవేత్త వ్లదిమిర్ పితుల్కో బృందం జరిపిన తవ్వకాల్లో మంచుబండి చెక్కలు, కుక్కల ఎముకలు బయటపడ్డాయి. వాటి వయసు తొమ్మిది వేల ఏళ్లకు పైమాటే. అక్కడి ఒక కుక్క జన్యువులను చదివి 2020లో ‘సైన్స్’ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. 9,500 ఏళ్ల నాటి ఆ కుక్కకు నేటి గ్రీన్‌లాండ్ బండికుక్కలతో దగ్గరి చుట్టరికం ఉందని తేలింది. జోఖోవ్‌లో దొరికిన అగ్నిశిల పనిముట్ల రాయి దాదాపు 1,500 కిలోమీటర్ల దూరం నుంచి వచ్చింది. చక్రం అనే ఊహ ఎక్కడా పుట్టకముందే ఆ మంచు మైదానాల్లో రవాణా సాగిందన్నమాట.

చెట్టు మొలవని నేలలో బండి కట్టడం మామూలు సంగతి కాదు. నదుల్లోంచి సముద్రంలోకి కొట్టుకొచ్చిన దుంగలు దొరికితే అదృష్టం, దొరక్కపోతే తిమింగలం ఎముక, వాల్రస్ దంతం, జింక కొమ్ము. 1818లో బ్రిటిష్ నావికుడు జాన్ రాస్ వాయవ్య గ్రీన్‌లాండ్ తీరంలో ఇనుఘుయిట్ ప్రజలను కలిసినప్పుడు, వాళ్ల బండ్లు ఎముక ముక్కలను ఒకదానికొకటి తోలుతో కుట్టి చేసినవి. కెనడా ఇన్యూట్‌లు చేపలను తడిపిన తోలులో చుట్టి, గడ్డకట్టించి, వాటినే పట్టెలుగా వాడిన సందర్భాలూ ఉన్నాయి. వసంతం వచ్చి మంచు మెత్తబడితే ఆ బండిని విప్పి తినేవాళ్లు.

తోలుతాడు కట్టు మేకులు దొరకని లోటును తీర్చడానికి పుట్టిందనుకుంటే పొరపాటు. సముద్రం మీది మంచు చదునుగా ఉండదు. పలకలు ఒకదాన్నొకటి తోసుకుని మనిషెత్తు గుట్టలుగా లేస్తాయి. వాటి మీద నుంచి బరువుతో దూకే బండిలో మేకు ఉంటే చెక్క చీలుతుంది, చలికి పెళుసెక్కిన ఇనుము విరుగుతుంది. తాడు కట్టు మాత్రం ఒళ్లు విరుచుకున్నట్టు కొద్దిగా మెలి తిరిగి, మళ్లీ సర్దుకుంటుంది. తాడు తెగినా కత్తి, కొత్త తోలు ముక్క ఉంటే చాలు. మరమ్మతు అక్కడికక్కడే అయిపోతుంది.

అసలు నేర్పంతా పట్టె అడుగున ఉంది. బొగ్గుమట్టిలాంటి పీచు మట్టిని గోరువెచ్చని నీళ్లతో కలిపి ముద్దలు చేస్తారు. బండిని తిరగేసి, ఆ ముద్దలను పట్టె పొడవునా అరచేత్తో మెత్తుతారు. అది గడ్డకట్టి రాయిలా బిగిశాక కత్తితో చిత్రిక పట్టి నునుపు చేస్తారు. అప్పుడు నోట్లో నీళ్లు పుక్కిలి పట్టి, వెచ్చబడ్డాక ధ్రువపు ఎలుగు తోలు ముక్క మీదికి ఊది, ఒక్క ఊపులో పట్టె మీద రాస్తారు. నీటిపొర రాసిన క్షణంలోనే అద్దంలాంటి మంచుగా మారుతుంది. దాని మీద ఇంకో పొర, ఆ మీద మరొకటి. ప్రయాణం మధ్యలో రాయి తగిలి పొర ఊడితే బండి ఆపి మళ్లీ రాయడమే.

దీని వెనక గట్టి భౌతికశాస్త్రం ఉంది. మంచు ఉపరితలం మీది అణువులు లోపలి అణువుల్లా బిగుసుకుని ఉండవు, నీటిలా కదులుతుంటాయి. పట్టె రాపిడి వేడి కూడా తోడై బండి జారుతుంది. చలి మైనస్ 30 డిగ్రీలు దాటే కొద్దీ ఈ కదలిక తగ్గిపోతుంది, మంచు ఇసుకలా పట్టేస్తుంది. లోహం వేడిని త్వరగా లాగేస్తుంది కాబట్టి ఇనుప పట్టెకు ఆ చలిలో నడక ఇంకా కష్టం. మంచు పూసిన మట్టి పట్టె మాత్రం అప్పుడే బాగా పరుగెత్తుతుంది. ప్రయోగశాల గడప తొక్కకుండా, తరాల పరిశీలనతో ఈ లెక్క తేల్చినవాళ్లను ఇంజనీర్లనే పిలవాలి.

ఈ బండి యాత్రల ఖ్యాతి చాలామంది ఎరిగినదే. 1921 నుంచి 1924 వరకు ధ్రువ అన్వేషకుడు నూద్ రాస్ముస్సెన్ ‘ఐదవ థూలే యాత్ర’లో కుక్కలబండి మీద ఉత్తర అమెరికా ధ్రువతీరం వెంట అలాస్కా దాకా వెళ్లాడు. 1925లో అలాస్కాలోని నోమ్ పట్టణంలో డిఫ్తీరియా సోకితే 20 మంది బండి తోలేవాళ్లు చేతులు మార్చుకుంటూ, సుమారు వెయ్యిన్ని ఎనభై కిలోమీటర్ల దూరం అయిదున్నర రోజుల్లో మందు చేర్చారు. ఆ తరవాత దెబ్బ పడింది. 1959లో కెనడాలో బొంబార్డియర్ కంపెనీ ‘స్కీ-డూ’ అనే స్నోమొబైల్, అంటే మంచు మీద నడిచే మోటారు బండి, అమ్మకానికి వచ్చింది. తూర్పు కెనడా ఆర్కిటిక్‌లో ఇన్యూట్‌లను శాశ్వత గ్రామాలకు తరలించిన ఆ దశాబ్దాల్లో పోలీసులు, అధికారులు కుక్కలను పెద్దఎత్తున కాల్చి చంపారు. కుక్కలు పోవడమంటే వేట పోవడం, వేట పోతే తిండికీ తిరుగుడుకీ పరాధీనం. 2010లో కికిక్తానీ సత్యశోధన కమిషన్ ఈ గాయాన్ని నమోదు చేసింది. కెనడా ప్రభుత్వం 2019 ఆగస్టులో క్షమాపణ చెప్పింది. అరవై ఏళ్ల ఆలస్యం చిన్నదేమీ కాదు.

ప్లాస్టిక్ ఈ కథలోకి పక్కదారిన వచ్చింది. 1933లో ఇంగ్లండ్‌లో ఫాసెట్, గిబ్సన్ అనే రసాయన శాస్త్రవేత్తల ప్రయోగంలో అనుకోకుండా పాలిథిలిన్ పుట్టింది. 1953లో జర్మనీలో కార్ల్ జీగ్లర్ కనిపెట్టిన ఉత్ప్రేరకంతో గట్టి రకం పాలిథిలిన్ చవగ్గా తయారైంది. చలిలో పగలదు, నీరు పీల్చదు, మంచుకు అంటుకోదు. పట్టె అడుగున బిగిస్తే పొద్దున్నే మట్టి మెత్తే పని తప్పుతుంది, వసంతపు మెత్తటి మంచులోనూ బండి సాగుతుంది. తోలుతాడు బదులు నైలాన్ తాడు వచ్చింది, కుక్కల మెడపట్టీలూ నైలాన్‌వే. బండి తోలేవాళ్లను ఇందుకు తప్పుపట్టడం నాకు చేతకాదు. వాళ్లకది ప్రాణం నిలిపే సౌకర్యం. కానీ రాయి మీద, కరకు మంచు మీద ప్రతి పరుగుకూ ఆ తొడుగు కొంత అరుగుతుంది. అరిగింది మంచులోనే ఉండిపోతుంది.

ఆ మంచులో అప్పటికే ఎంత చేరిందో తెలిశాక శాస్త్రలోకం ఉలిక్కిపడింది. 2014లో రేచెల్ ఆబ్బర్డ్ బృందం సముద్రపు మంచు దిమ్మల్లో ఘనమీటరుకు 38 నుంచి 234 నలుసులు చూసింది. 2018లో జర్మనీ ఆల్ఫ్రెడ్ వెగెనర్ సంస్థకు చెందిన ఇల్కా పీకెన్ బృందం ఇంకా సూక్ష్మంగా వెతికింది. లీటరు మంచునీటిలో 12,000 వరకు నలుసులు లెక్కకొచ్చాయి. సగానికి పైగా మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కన్నా చిన్నవి. మరుసటి ఏడాది అదే సంస్థ నుంచి మెలానీ బెర్గ్‌మన్ బృందం ఆకాశం నుంచి రాలిన మంచును పరీక్షించింది. ఆర్కిటిక్‌లో లీటరుకు సగటున 1,760, అత్యధికంగా 14,400. అంటే గాలే ఈ ధూళిని మోసుకొస్తోంది. 2021లో పీటర్ రాస్ బృందం ఆర్కిటిక్ నీళ్లలో చూసిన కృత్రిమ నలుసుల్లో 92 శాతం నూలుపోగుల్లాంటివి. వాటిలో పాలియెస్టర్‌దే పెద్దవాటా. ఎక్కడో దక్షిణాన ఉతికిన బట్టల పోగులు కావచ్చు అవి.

ఇప్పుడు బండి దగ్గరికి వద్దాం. పరిశోధక నౌక తీరపు మంచులోకి రాలేదు, హెలికాప్టరు ఖర్చు తలకు మించినది. స్నోమొబైల్ వేగంగా వెళ్తుంది, కానీ దానికి రబ్బరు పట్టా, అరిగే బెల్టు, ప్లాస్టిక్ జారుడుపట్టీలు, పొగగొట్టం ఉన్నాయి. అందులోంచి ఏం రాలుతోందో చెప్పాలంటే ఫ్యాక్టరీ కాగితాలన్నీ తిరగేయాలి. మంచుబండిలో ఉన్న వస్తువులన్నీ ఒక అరపేజీలో రాసేయొచ్చు. ఫలానా చెక్క, ఫలానా తొడుగు, ఫలానా రంగు తాడు. ఈ పరిశోధనకు బండి సరైన వాహనం కావడానికి కారణం నా దృష్టిలో ఇదే. దాని మలినం ఎంతో, ఏమిటో ముందే తెలుసు.

నమూనా తీసేటప్పుడు బండిని గాలివాటుకు దిగువన నిలిపి, మనిషి గాలికి ఎదురుగా దూరం నడిచి వెళ్లాలి. స్టీలు గరిటెతో పైమంచు తీసి గాజు సీసాలో నింపాలి. పక్కనే ఇంకో ఖాళీ సీసా అంతసేపూ మూత తీసి ఉంచాలి. వేసుకున్న కోటు నుంచో, కుక్క పట్టీ నుంచో పోగులు ఎగిరిపడితే ఆ సీసాలోనూ పడతాయి. తరవాత లెక్కలోంచి వాటిని తీసేయొచ్చు. బండి పట్టె తొడుగు నుంచి, తాడు నుంచి చిన్న ముక్కలు కోసి నమూనాలతో పాటే ప్రయోగశాలకు పంపాలి. అక్కడ మంచును కరిగించి, వడపోసి, వడపోత మీద పరారుణ కిరణాలు ప్రసరిస్తారు. ఒక్కో ప్లాస్టిక్ ఒక్కో తరంగదైర్ఘ్యాల కిరణాలను మింగుతుంది. ఆ గుర్తును బట్టి 11 మైక్రోమీటర్ల నలుసునూ పోల్చుకుంటారు. చిక్కేమిటంటే, దక్షిణాది నుంచి కొట్టుకొచ్చిన సంచీ ముక్కా, బండి అడుగు నుంచి అరిగిన పొడీ రెండూ పాలిథిలిన్ అనే చెబుతాయి. అందుకే ఈ ప్రయాణాలకు పాత తరహా పట్టె కట్టుకుంటే మేలని నేననుకుంటాను. చలి బాగా ఉన్న నెలల్లో మంచు పూసిన పట్టె, మంచు మెత్తబడ్డాక స్టీలు. కుక్కలు కొంచెం ఎక్కువ లాగాలి, బరువు కొంచెం తగ్గించాలి.

ఇలాంటి సహకారం కొత్తదేం కాదు. 2019 జూన్ 13న డెన్మార్క్ వాతావరణ సంస్థకు చెందిన స్టెఫెన్ ఓల్సెన్ వాయవ్య గ్రీన్‌లాండ్ ఫియోర్డ్‌లో తీసిన ఫొటో లోకమంతా చూసింది. చీలమండల లోతు నీళ్లలో కుక్కలు బండి లాగుతున్నాయి. కింద మంచు ఇంకా మీటరుకు పైగా మందం ఉంది, కరిగిన నీరు ఇంకే సందు లేక పైనే నిలిచింది. సముద్రంలో దించిన పరికరాలను వెనక్కి తేవడానికి స్థానిక వేటగాళ్ల బండ్లే దిక్కయ్యాయి. కెనడాలోని నునావుట్‌లో ఇన్యూట్ వేటగాళ్లు ఇచ్చిన 142 సీల్‌ల జీర్ణాశయాలను పరీక్షిస్తే, దాదాపు అర మిల్లీమీటరు కన్నా పెద్ద ప్లాస్టిక్ ఒక్కటీ దొరకలేదని 2020లో తెలిసింది. సీల్ మాంసం తినే కుటుంబాలకు ఇది ఊరటనిచ్చే వార్త. అంతకన్నా చిన్న నలుసుల సంగతి ఇంకా తేలాలి.

తేలాలంటే ఒక్క సీజను సీసాలు సరిపోవు. అదే ఫియోర్డ్, అదే నెల, ఏళ్ల తరబడి వెళ్లాలి. కానీ గ్రీన్‌లాండ్‌లో బండికుక్కల సంఖ్య గత రెండు దశాబ్దాల్లో దాదాపు సగానికి పడిపోయింది. మంచు ఆలస్యంగా గట్టిపడి తొందరగా విరుగుతోంది. బండి నడిచేది కొన్ని నెలలే, కుక్కలకు మాత్రం ఏడాది పొడవునా మేత పెట్టాలి. ప్రయోగశాలలోని పరారుణ యంత్రానికి పరిశోధన నిధుల్లో పద్దు ఉన్నట్టే, బండి తోలే వేటగాడి కూలికీ, వేసవిలో అతని కుక్కల మేతకూ ఒక పద్దు రాయాలి.