నిర్లవణీకరణ వ్యర్థజలం నుండి ఖనిజాల సేకరణ

సముద్రపు నీటి నుండి మంచినీటిని తయారుచేయగా మిగిలే చిక్కని ఉప్పునీటిలోనుండి ఉపయోగకరమైన లవణాలను, మూలకాలను వేరుచేయడాన్ని నిర్లవణీకరణ వ్యర్థజలం నుండి ఖనిజాల సేకరణ అంటారు. సముద్రజలాన్ని మంచినీరుగా మార్చే ప్రక్రియకు నిర్లవణీకరణ (డీశాలినేషన్) అని పేరు. మిగిలిపోయిన నీటిని ఈ వ్యాసంలో లవణజలం (బ్రైన్) అని వ్యవహరించడమైనది.

నేపథ్యం

నేడు ఎక్కువగా వాడుకలో ఉన్నది రివర్స్ ఆస్మోసిస్ (విలోమ ద్రవాభిసరణ) పద్ధతి. ఇందులో సముద్రజలాన్ని అధిక పీడనంతో ఒక పలుచని పొర గుండా నెడతారు. నీరు పొరను దాటిపోతుంది, లవణాలు ఇవతలే నిలిచిపోతాయి. లోపలికి తీసుకున్న ప్రతి 100 లీటర్లలో 40 నుండి 45 లీటర్లు మాత్రమే మంచినీరుగా వస్తుంది. మిగిలినది దాదాపు రెండింతలు చిక్కబడిన లవణజలం. 2019లో ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన అంచనా ప్రకారం ప్రపంచంలో రోజుకు 9.5 కోట్ల ఘనపు మీటర్ల మంచినీరు, 14.2 కోట్ల ఘనపు మీటర్ల లవణజలం ఉత్పత్తి అవుతున్నాయి. ఈ లవణజలంలో సగానికి పైగా సౌదీ అరేబియా, యు.ఎ.ఇ., కువైట్, కతార్ దేశాలదే. సాధారణంగా దీనిని తిరిగి సముద్రంలోనే వదులుతారు. మామూలు సముద్రజలం కంటే బరువైనది కనుక ఇది సరిగా కలవకపోతే అడుగుకు చేరి, అక్కడి సముద్రపు గడ్డికి, జీవులకు హాని చేస్తుంది.

ఒక లెక్క

2010లో చెన్నై సమీపాన మీంజూరులో ప్రారంభమైన కర్మాగారం సామర్థ్యం రోజుకు 10 కోట్ల లీటర్ల మంచినీరు. ఆ పరిమాణం గల కర్మాగారంలో 45 శాతం నీరు చేతికి వస్తుందనుకుంటే, రోజుకు 22 కోట్ల లీటర్లకు పైగా సముద్రజలాన్ని తోడవలసి ఉంటుంది. లీటరు సముద్రజలంలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. దీనిని బట్టి రోజుకు లవణజలంలోకి చేరేవి: సోడియం క్లోరైడు, అనగా మనం తినే ఉప్పు, సుమారు 6,000 టన్నులు, మెగ్నీషియం 290 టన్నులు, పొటాషియం 90 టన్నులు, బ్రోమిన్ 15 టన్నులు, లిథియం 40 కిలోల లోపు.

ఈ అంకెలను చూడగానే ఇదొక గని అనిపించడం సహజం. కానీ ఉప్పు సంగతే చూద్దాం. భారతదేశం ఏటా ఉత్పత్తి చేసే ఉప్పు సుమారు 3 కోట్ల టన్నులు. పై కర్మాగారం ఒక్కటే ఏడాదికి దాదాపు 22 లక్షల టన్నులు ఇవ్వగలదు. అటువంటివి పద్నాలుగు ఉంటే దేశం మొత్తం ఉప్పుకు సరిపోతుంది. అంతటి ఉప్పును కొనేవారెవరు? లవణజలంతో అసలు చిక్కు ఖనిజాలు లేకపోవడం కాదు, చౌకైనవి మితిమీరి ఉండటం, విలువైనవి అణుమాత్రంగా ఉండటం.

లవణాలు విడిపోయే క్రమం

సముద్రజలం ఇంకిపోతున్నప్పుడు లవణాలన్నీ ఒకేసారి గడ్డకట్టవు. మధ్యధరా సముద్రజలంతో ఈ క్రమాన్ని 1849లో ఉసీగ్లియో అనే శాస్త్రవేత్త ప్రయోగపూర్వకంగా చూపాడు. మొదట సున్నపు కార్బొనేటు, నీరు ఐదవ వంతుకు తగ్గేసరికి జిప్సం, పదవ వంతుకు చేరేసరికి ఉప్పు బయటపడతాయి. మెగ్నీషియం, పొటాషియం లవణాలు చిట్టచివర మిగిలిన చేదునీటిలో ఉంటాయి. నౌపడ, చినగంజాం ఉప్పు మడులను చూసినవారికి ఈ చేదునీరు కొత్త కాదు.

నీటిని ఇంకించడానికి ఎండ దొరికితే ఖర్చు లేదు. లేకపోతే ఒక ఘనపు మీటరు నీటిని ఊరికే మరిగించి ఆవిరి చేయడానికి 600 యూనిట్లకు పైగా శక్తి కావాలి. ఆవిరి వేడిమిని తిరిగి వాడుకొనే యంత్రాలతో ఇది కొన్ని పదుల యూనిట్లకు తగ్గుతుంది. అయినా, అదే పరిమాణం గల మంచినీటిని రివర్స్ ఆస్మోసిస్‌తో 3 నుండి 4 యూనిట్లలో తయారు చేయవచ్చునని గుర్తుంచుకోవాలి.

మెగ్నీషియం, బ్రోమిన్

ఈ రెండింటికీ నీటిని ఇంకించనక్కరలేదు. నీటిలో సున్నం కలిపితే మెగ్నీషియం హైడ్రాక్సైడు తెల్లని మడ్డిగా దిగుతుంది. 1941 నుండి 1998 వరకు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం ఫ్రీపోర్టులో డౌ సంస్థ మామూలు సముద్రజలం నుండే ఈ విధంగా మెగ్నీషియం తీసింది. మొదట్లో సున్నం కోసం ఆల్చిప్పలను కాల్చేవారు. బ్రోమిన్‌కైతే నీటిని ఆమ్లీకరించి క్లోరిన్ పంపుతారు. క్లోరిన్ బ్రోమిన్‌ను వెళ్ళగొట్టి తాను ఆ స్థానంలో చేరుతుంది. వెలువడిన బ్రోమిన్‌ను గాలితో ఊది పట్టుకుంటారు. పాఠశాలలో చెప్పుకొనే స్థానభ్రంశ చర్యయే ఇది. లవణజలం రెండింతలు చిక్కనిది కనుక తోడవలసిన నీరు సగమవుతుంది.

ఆచరణలో

ఇజ్రాయెల్‌లోని ఐలాత్‌లో నిర్లవణీకరణ లవణజలాన్ని సముద్రజలంతో కలిపి ఉప్పు మడులకు పంపుతున్నారు. జపాను 1972లో మడులను విడిచి, విద్యుత్తుతో, అయాన్ వినిమయ పొరలతో సముద్రజలాన్ని చిక్కబరచి ఉప్పు తీసే పద్ధతికి పూర్తిగా మారింది. ఈ పద్ధతి లవణజలానికీ వర్తిస్తుంది. కాస్టిక్ సోడా తయారీ మరొక మార్గం. అయితే అక్కడి పొరలు చాలా సున్నితమైనవి. కాల్షియం, మెగ్నీషియం వంద కోట్ల పాళ్ళలో 20 పాళ్ళను మించితే అవి చెడిపోతాయి. 2019లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ పరిశోధకులు, లవణజలం నుండి తీసిన కాస్టిక్ సోడాను అదే కర్మాగారపు అవసరాలకు వాడవచ్చునని సూచించారు. కొనేవాడు ఇంట్లోనే ఉన్నాడు కనుక ఇది తెలివైన ఆలోచన.

అరుదైన మూలకాలు

లిథియం గురించి పత్రికలలో తరచుగా వచ్చే వార్తలను జాగ్రత్తగా చదవాలి. పై లెక్క ప్రకారం ఏడాదికి దక్కేది, ఏమీ నష్టపోకపోతే, 14 టన్నులు మాత్రమే. నోబెల్ బహుమతి గ్రహీత ఫ్రిట్జ్ హేబర్ మొదటి ప్రపంచయుద్ధం తరువాత జర్మనీ చెల్లించవలసిన పరిహారం కోసం సముద్రజలం నుండి బంగారం తీయాలని పూనుకొని, ఏళ్ళ తరబడి కొలిచి, బంగారం అనుకున్నదానికంటే ఎన్నో రెట్లు తక్కువని గ్రహించి విరమించుకున్నాడు.

పొటాష్, భారతదేశం

భారతదేశం తన పొటాష్ ఎరువు అవసరాన్ని దాదాపు పూర్తిగా దిగుమతులతోనే తీర్చుకుంటున్నది. కాబట్టి ఉప్పులా కాక, ఎంత తీసినా పొటాషియంకు ఇక్కడ గిరాకీ ఉంటుంది. 1954లో భావనగర్‌లో ఏర్పడిన కేంద్ర లవణ, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ చేదునీటిని ఎండలో ఇంకా ఇంకించి కైనైట్ అనే మిశ్రమ లవణాన్ని, దానినుండి పొటాషియం సల్ఫేటును తీసే పద్ధతులను రూపొందించింది. మీంజూరు పరిమాణపు లవణజలంలోని పొటాషియం అంతా దక్కితే, అది ఏడాదికి సుమారు 60,000 టన్నుల మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌కు సమానం. కానీ దానికి కావలసిన వేల ఎకరాల మడులు, వర్షం లేని పొడుగాటి ఎండాకాలం కచ్ తీరంలో దొరికినంత సులభంగా చెన్నై పక్కన దొరకవు.