సంతానలేమికి స్త్రీయే కారణమా?

మొహరము దినములలో నెల్లూరి స్వర్ణాలచెరువుకడ జరుగు రొట్టెల పండుగ నెఱుగనివారు మన సీమలో నరుదు. బారాషహీదు దర్గా చెంత, కోరిక తీరినవారు రొట్టె నీయగా, కోరిక గలవారు చెరువునీట నిలిచి పుచ్చుకొందురు. అందు సంతానరొట్టెకై చేయి చాచు స్త్రీలను జూచినపుడెల్ల మాకొక సందేహము కలుగుచుండును. వీరిలో నెందఱి భర్తలు వైద్యపరీక్ష చేయించుకొనియుందురు?

సముద్రతీరమున మే మెఱిగిన యొక యింట కోడలు ఆఱేండ్లు కషాయములతోను ఉపవాసములతోను కృశించినది. అత్తగారు కుమారునకు మాఱుమనువు తలపెట్టిరి. తుదకు కోడలి యన్న పట్టుబట్టగా నాతడు పరీక్షకు పోయెను. లోప మాతనియందే బయలుపడినది. ఆఱేండ్ల నిందకు ఆమెను మన్నింపు మని యడిగినవారు మాత్రము లేరు.

గొడ్రాలని స్త్రీని నిందించుటకు మాట కలదు. పురుషుని గూర్చి యట్టి మాట వాడుకలో వినరాదు. పుంస్త్వము, సంతానశక్తి ఒకటే యని తలచుటయే యీ పొరపాటునకు మూలము. దాంపత్యమున నే కొఱతయు లేని బలశాలియందును వీర్యకణములు తక్కువగా నుండవచ్చును, అసలు లేకయు పోవచ్చును. అది కంటికి గాని రూపమునకు గాని తెలియదు, పరీక్షకే తెలియును. సంతానము లేని దంపతులలో నించుమించు సగముమందియందు పురుషుని లోపము, ఒంటిగనో స్త్రీలోపముతో గూడియో, కారణమగుచున్నది.

వీర్యపరీక్షలో కణముల సంఖ్య, కదలిక, ఆకృతి చూతురు. ప్రపంచారోగ్యసంస్థ 2021లో ప్రకటించిన గ్రంథము ననుసరించి మిల్లీలీటరునకు 1 కోటి 60 లక్షల కణములు, నూటికి 42 పాళ్ల కదలిక, నూటికి 4 పాళ్ల సరియైన ఆకృతి కనిష్ఠ సూచికలు. ఇంతకు తగ్గినంతనే ఆశ వదలుకొనరాదు. మించినంతనే బిడ్డ కలిగితీరునని తలపరాదు. 2 మొదలు 7 దినములు బ్రహ్మచర్యము పాటించి పరీక్షకు పోవలెను. లోపము కనబడినచో కొంతకాలమునకు మఱల పరీక్షింపవలెను.

కణము రూపొందుటకు సుమారు రెండున్నర నెలలు పట్టును. కావున తీవ్రజ్వరము చేసిన హాని కొన్ని నెలలు నిలుచును. నేడు పొగాకు మానిన ఫలమును వెంటనే కానరాదు. వృషణముల సిరలుబ్బుట, యౌవనమున వచ్చిన గవదబిళ్లలు, మితిమీఱిన మద్యము, ఎడతెగని వేడిమి హేతువులు కావచ్చును. కండలు పెరుగుటకై వేయించుకొను టెస్టోస్టిరాను సూదిమందులు వీర్యోత్పత్తినే యణచివేయును. కొందఱికి లోపము పుట్టుకతోనే వచ్చును. చాలవాటికి చికిత్స కలదు. కణములు మిక్కిలి తక్కువైనను, ఒక్క కణమును సూదితో అండమున ప్రవేశపెట్టు పద్ధతి 1992 నుండి ఫలించుచున్నది.

తిక్కన నడయాడిన యీ సీమలో భారతకథ నెఱుగనివారు లేరు గదా! శాపవశమున సంతానమునకు దూరమైన పాండురాజు తన దుఃఖమును తానే కుంతికి జెప్పుకొనెను గాని, ఆమెపై నింద మోపలేదు. ఆ రాజునకు లేని సిగ్గు మన యిండ్ల పురుషుల కేల?

ఏడాది కాపురమునకును బిడ్డ కలుగనిచో, భార్యకు 35 ఏండ్లు దాటినచో ఆఱు నెలలకే, ఇద్దఱును ఒక్కమాఱే వైద్యుని జూడవలెను. అత్తగారలారా! ఈ మాట కోడలికి గాక మీ కుమారునకు జెప్పుడు. రొట్టెను మేము వలదనము. చెరువున దిగువేళ భర్త ప్రక్కన నిలిచినట్లే, పరీక్షాశాలకును అతడే ముందు నడువవలెనని మా ప్రార్థన.