అమ్మ ఒక్కతే చాలదు

టైప్ 1 షుగర్ ఉన్న బిడ్డకు ఇన్సులిన్ ఎంత అవసరమో, ఆ ఇన్సులిన్ లెక్క తెలిసిన రెండో మనిషి ఇంట్లో ఉండటమూ అంతే అవసరం. మన ఇళ్లలో చాలాచోట్ల ఆ లెక్క తల్లి ఒక్కతే నేర్చుకుంటుంది. నాంపల్లిని ఆనుకుని రెడ్‌హిల్స్‌లో ఉన్న నీలోఫర్ లాంటి పిల్లల ఆసుపత్రిలో డాక్టరు మోతాదు చెబుతారు, సూది వేయడం నేర్పుతారు. ఆ తర్వాత వైద్యమంతా ఇంట్లోనే. రోజుకు నాలుగు సూదులు, ఆరు నుంచి పదిసార్లు వేలి చివర రక్తం తీసి చూడటం, పళ్లెంలో అన్నం ఎంతుందో లెక్కగట్టడం, ఆడితే ఒక సర్దుబాటు, జ్వరమొస్తే ఇంకొకటి. పండగకూ సెలవు లేని ఈ పని ఒక్కరి నెత్తినే ఉంటే, ఎప్పుడో ఒకప్పుడు తప్పు దొర్లక మానదు.

ఒక్కరు చాలరనడానికి గట్టి ఆధారమే ఉంది. 1922 జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ల లియోనార్డ్ థాంప్సన్‌కు తొలిసారి ఇన్సులిన్ ఇచ్చాక ఈ జబ్బు వచ్చిన పిల్లలు బతకడం మొదలైంది. ఆరోగ్యంగా బతకాలంటే ఏం చేయాలో 1993లో డీసీసీటీ అనే పరిశోధన తేల్చింది. షుగర్‌ను కట్టుదిట్టంగా అదుపులో పెట్టినవారికి కంటి జబ్బు మొదలయ్యే ముప్పు 76 శాతం తగ్గింది. అయితే మరొకరి సాయం లేనిదే తేరుకోలేనంతగా షుగర్ పడిపోవడం వాళ్లలోనే దాదాపు మూడు రెట్లు పెరిగింది. మొదటి సంగతి అందరూ చెబుతారు, రెండోదాన్ని దాటేస్తారు. ఇప్పటి ఇన్సులిన్లు, సెన్సర్లు ఆ ముప్పును తగ్గించాయి, నిజమే. కానీ సెన్సర్ కొనే స్తోమత అందరికీ లేదు. ఉన్నా, అది మోగినప్పుడు లేవాల్సింది మనిషే.

జనవరిలో నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్ మొదలవుతుంది. పదేళ్ల పిల్లాడు సాయంత్రమంతా స్టాళ్లు తిరిగి, ఇంటికొచ్చి రోజూ తినేంతే తిని, రోజూ వేసుకునే మోతాదే వేసుకుని పడుకున్నాడనుకోండి. నడకలో ఖర్చయిన చక్కెరను కండరాలు రాత్రంతా రక్తంలోంచి లాక్కుంటూనే ఉంటాయి. ఏ రెండింటికో మూడింటికో షుగర్ 70 కిందికి జారవచ్చు. చెమటలు, వణుకు, పిలిస్తే పొంతన లేని మాటలు. ముప్పై కిలోల బిడ్డకు అప్పుడు కావాల్సింది సుమారు 9 గ్రాముల చక్కెర, అంటే రెండు టీచెంచాలకు కాస్త పైన. నీళ్లలో కలిపి తాగించి పావుగంటకు మళ్లీ చూడాలి. చాక్లెట్టు, మొజంజాహీ మార్కెట్ ఐస్‌క్రీమ్ ఇందుకు పనికిరావు. వాటిలోని కొవ్వు చక్కెరను త్వరగా రక్తంలో కలవనివ్వదు. స్పృహ తప్పితే నోట్లో చుక్క కూడా పోయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇంతే. నాయనమ్మ కూడా ఒక్క మధ్యాహ్నంలో నేర్చుకోగల సంగతి. తల్లి జ్వరంతో పడుకున్న రాత్రి ఇది తండ్రికి తెలియకపోతే ఎలా?

బడి మాటేమిటి? ఆబిడ్స్, గన్‌ఫౌండ్రీ చుట్టుపక్కల బడుల్లో చదివే పిల్లలు మేలుకుని ఉండే సమయంలో సగం అక్కడే గడుపుతారు. 'మేం నర్సులం కాదు, ఏదైనా జరిగితే ఎవరు పూచీ?' అని టీచర్లు అడిగితే అందులో న్యాయముంది. అందుకే వాళ్లను సూది వేయమనక్కర్లేదు. లో షుగర్ గుర్తుపట్టడం, గ్లూకోజ్ ఇవ్వడం, బిడ్డను ఒంటరిగా బాత్‌రూమ్‌కు పంపకపోవడం, ఇంటికి ఫోన్ చేయడం చాలు. పదో తరగతి, పన్నెండో తరగతి పరీక్షల్లో షుగర్ ఉన్న విద్యార్థులు తినుబండారాలు తెచ్చుకోవచ్చని సీబీఎస్ఈ 2017లోనే చెప్పింది. తరగతి జరుగుతుండగా కూడా షుగర్ చూసుకోనివ్వాలని, ఇన్సులిన్ వేసుకోనివ్వాలని జాతీయ బాలల హక్కుల కమిషన్ 2023లో రాష్ట్రాలను కోరింది.

ఇక ఆడపిల్లయితే రేపు పెళ్లి సంబంధాలకు అడ్డమని బడిలోనూ చుట్టాల్లోనూ దాచే ఇళ్లున్నాయి. ఆ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. అయినా కనీసం క్లాస్ టీచరుకు చెప్పకుండా దాస్తే, పిల్ల తూలుతున్నప్పుడు పక్కనున్నవాళ్లకు కారణమే తెలియదు. పెద్దవుతున్నారు కదా, వాళ్లే చూసుకుంటారనే వాదన కూడా ఉంది. పరిణతి రాకముందే బాధ్యతంతా పిల్లల మీద వదిలేసిన ఇళ్లలో షుగర్ అదుపు దెబ్బతింటోందని పరిశోధనలు చెబుతున్నాయి. ఇంటర్ పిల్లాడు సూది తానే వేసుకోవచ్చు. మీటరులోని అంకెలను మాత్రం వారానికోసారైనా నాన్న పక్కన కూర్చుని వాడితో కలిసి చూడాలి, 300 కనబడ్డా తిట్టకుండా. తిట్లు తిన్న పిల్లలు ఆ తర్వాత షుగర్ చూసుకోవడమే మానేస్తారు.