మీకు తెలుసా? కొత్త ఇంజిన్‌కు మొదటి 1,000 కిలోమీటర్లు

కొత్త కారు సిలిండర్ లోపలి గోడ అద్దంలా నున్నగా ఉండదు. దాని మీద కావాలనే గీసిన సన్నని అల్లిక గీతలుంటాయి. ఆయిల్ నిలిచేది వాటిలోనే. పిస్టన్ రింగులు ఆ గీతల కొసలను అరగదీస్తూ గోడకు కుదురుకోవడమే రన్నింగ్-ఇన్. చాలా కార్లకు ఇది సుమారు 1,000 కిలోమీటర్ల పని.

అప్పటిదాకా యాక్సిలరేటర్‌ను అదిమిపెట్టి తొక్కకూడదు, ఎక్కువసేపు ఒకే వేగంలోనూ పోకూడదు. హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రో స్తంభాల పక్కగా ఎల్బీనగర్ దాకా ట్రాఫిక్‌లో గేర్లు, వేగం ఎలాగూ మారుతుంటాయి. విసుగు డ్రైవరుకే, ఇంజిన్‌కు కాదు. చిక్కంతా ఎల్బీనగర్ దాటి విజయవాడ హైవే ఎక్కాకే. ఖాళీ రోడ్డయినా నడుమ నడుమ 60కి తగ్గించి, మెల్లగా 80కి పెంచుతుండాలి. మోడల్‌ను బట్టి మారే కచ్చితమైన పరిమితులు కారుతో వచ్చే మాన్యువల్‌లో ఉంటాయి.