దొరికిన దుద్దు, పోయిన పేరు

మా మందిరంలో పుల్పిటు వెనకాల ఓ పాత ట్రంకుపెట్టె ఉంది. ఆరాధన అయ్యాక విశ్వాసులు మరచిపోయి వెళ్ళిన వస్తువులన్నీ అందులోకే చేరతాయి. వానాకాలంలో గొడుగులు, పెద్దవాళ్ళ కళ్ళజోళ్ళు, చంటిపిల్లల ఒంటి చెప్పులు, ఇక బైబిళ్ళ సంగతి చెప్పనక్కరలేదు! ప్రతి ఆదివారం ప్రకటనల సమయంలో అవి దొరికాయని చెబుతాను. సెల్‌ఫోనంటే వెంటనే చెయ్యి లేస్తుంది. బైబిలంటే ఎవరూ లేవరు. వారమంతా అది లేదన్న సంగతే గమనించలేదని నలుగురిలో ఒప్పుకోవడానికి సిగ్గు కాబోలు.

దొరికిన వస్తువు విషయంలో దేవుడు మోషే ద్వారా ఇచ్చిన ఆజ్ఞ (ద్వితీయోపదేశకాండము 22:1-3) మన ప్రసంగాల్లో అరుదుగా వినిపిస్తుంది. తప్పిపోయిన ఎద్దు, గొర్రె, గాడిద, చివరికి ఎవరో పోగొట్టుకున్న బట్ట కంటబడినా చూడనట్టు వెళ్ళిపోకూడదు. యజమాని దూరాన ఉన్నా, ఎవరో తెలియకపోయినా దాన్ని ఇంటికి తెచ్చి, అతడు వెదుక్కుంటూ వచ్చేదాకా కాపాడాలి. దొంగతనం చేయకూడదన్న ఆజ్ఞ పాటించడానికి ఆ ఎద్దును ముట్టుకోకపోతే చాలు. ఈ ఆజ్ఞకు అది చాలదు. దారి తప్పిన ఎద్దుకు అన్ని రోజులూ గడ్డి వేసేదెవరు? దొరికినవాడే. ఆ ఎద్దు శత్రువుదైనా సరే తోలుకెళ్ళి అప్పగించాలంటుంది నిర్గమకాండము 23:4.

క్రీ.శ. 200 ప్రాంతంలో యూదు రబ్బీలు కూర్చిన మిష్నా అనే ధర్మశాస్త్ర సంపుటిలో దీనిపై ఒక అధ్యాయమే ఉంది. దొరికిన వస్తువు గురించి ఎంతకాలం చాటించాలి? మూడు పండుగల్లో చాటించి, చివరి పండుగ తర్వాత మరో ఏడు రోజులు ఆగాలని రబ్బీ యూదా అభిప్రాయం. ఆ కబురు విన్నవాడు మూడు రోజులు ప్రయాణించి ఇంటికెళ్ళి చూసుకుని, మూడు రోజుల్లో తిరిగొచ్చి, ఏడో రోజున తనదని చెప్పుకోవడానికట! దొరికింది బట్టయితే నెలకోసారి దులపాలి. గ్రంథపు చుట్ట అయితే ముప్ఫై రోజులకోసారి విప్పి చదవాలి, చదువు రాకపోతే ఊరికే విప్పి చుట్టాలి. పురుగు పట్టకుండా అన్నమాట. మా ట్రంకుపెట్టెలోని బైబిళ్ళకు ఆ మాత్రం గౌరవం దక్కలేదు.

మన దేశ చట్టం కూడా ఇంచుమించు ఇదే మాట చెబుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ ప్రకారం, యజమాని ఎవరో తెలిసీ, లేదా తెలుసుకునే ప్రయత్నం చేయకుండానే దొరికిన వస్తువును సొంతం చేసుకోవడం నేరం. బస్సు సీట్లో దొరికిన ఫోన్‌ను ఆపేసి, సిమ్ తీసి పారేసి, 'దేవుడిచ్చాడు' అనుకునే విశ్వాసులకు ఈ సంగతి తెలియాలి.

ఇన్ని తెలిసిన నేనే ఒకసారి ఘోరంగా తప్పాను.

2012 క్రిస్మస్ వారంలో స్త్రీల సమాజం కూడిక జరిగింది. మర్నాడు ఒక సహోదరి ఏడుస్తూ వచ్చింది. చెవి దుద్దు పోయిందట. శీల వదులైందని తెలుసుననీ, కంసాలి దగ్గరికి వెళ్దామనుకుంటూనే ఉన్నాననీ చెప్పింది. మందిరమంతా వెదికాం, దొరకలేదు. అప్పుడు ఎవరో మెల్లగా అన్నారు, "పొద్దున్న ఊడ్చిందెవరు?"

ఊడ్చేది ఒక విధవరాలు. ఏళ్ళ తరబడి జీతం లేకుండా, దేవుని పని అని ఊడుస్తోంది. సంఘ పెద్దలు ఆమెను పిలిపించారు. దొంగవని ఎవరూ అనలేదు. "కొంగున ఏముందో ఒకసారి చూపించమ్మా" అన్నాను నేను. ఆమె మాట్లాడకుండా ముడి విప్పింది. పన్నెండు రూపాయలు, ఒక బీపీ మాత్ర.

లూకా 15లో వెండి నాణెం పోగొట్టుకున్న స్త్రీ దీపం వెలిగించి తన ఇల్లే ఊడ్చింది. ఇరుగుపొరుగును ఆమె పిలిచింది నాణెం దొరికాక, సంతోషించడానికి. మేం మాత్రం ముందు పొరుగుమనిషిని పిలిచాం.

ఈస్టరుకు ముందు జంపఖానాలు ఎండలో వేసి దులిపారు. ఒకదాని అంచు మడతలోంచి దుద్దు జారిపడింది. దులుపుతున్నది ఆమే. కాగితంలో చుట్టి నా చేతికి తెచ్చి ఇచ్చింది. ఆదివారం ప్రకటనల్లో దుద్దు దొరికిందని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె ఎప్పటిలాగే తలుపు దగ్గర కూర్చుని ఉంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దొరికినదాన్ని దాచి బొంకినవాడు సొత్తుకు అయిదో వంతు కలిపి తిరిగి ఇవ్వాలని లేవీయకాండము 6:5లో ఉంది. ఒక మనిషి పేరుకు అయిదో వంతు ఎంత? మర్నాడు ఇంటికెళ్ళి క్షమించమని అడిగాను. "పోన్లెండి అయ్యగారూ" అంది. కానీ నేను ఆమె కొంగు విప్పించింది నలుగురి ముందు. క్షమాపణ నాలుగు గోడల మధ్య చెబితే లెక్క ఎలా సరిపోతుంది?

తర్వాతి ఆదివారం ప్రకటనల సమయంలో గొడుగులు, కళ్ళజోళ్ళు చదివాక, మన సంఘం పోగొట్టినది ఇంకొకటి ఉందంటూ జరిగినదంతా చెప్పాను, కొంగు విప్పమన్నది నేనేనన్న మాటతో సహా. ఈసారి చప్పట్లు లేవు. దుద్దు పోయిన సహోదరి లేచి వెళ్ళి ఆమె పక్కన చాప మీద కూర్చుంది. ఇద్దరు పెద్దలు మాత్రం ఇంత బహిరంగంగా చెప్పాల్సిన అవసరమేముందని నా మీద చాలాకాలం కోపంగా ఉన్నారు.

ఆరాధన ముగిశాక ఆమె నా దగ్గరికి వచ్చింది. ఏమంటుందోనని నాకు గుండె దడగా ఉంది.

"అయ్యగారూ, ఆ పెట్టెలో బైబిళ్ళకి చెద పట్టేటట్టుంది. రేపు ఎండలో పెట్టమంటారా?" అంది.